అమెరికా రాజకీయములు: చరిత్ర చెప్పునది, సాక్ష్యము చూపునది

2025 సెప్టెంబరు 20, శనివారము నాటి ఒక చిన్న సంగతితో ఈ వ్యాసమును ప్రారంభించుచున్నాము. మా విద్యార్థి యొకని అన్నగారు అమెరికాలో హెచ్-1బి వీసాపై ఉద్యోగము చేయుచు, చెల్లెలి నిఖా కొరకు సెలవుపై ఇంటికి వచ్చియున్నారు. నిఖా మరునాడు, ఆదివారము. శనివారము ఉదయము నుండి ఫోనులో ఒకే వార్త: “అమెరికా అధ్యక్షుడు సంతకము చేసినాడు, వెలుపలనున్న హెచ్-1బి వారు ఆదివారము లోపల తిరిగి చేరకున్న లక్ష డాలర్లు కట్టవలెను.” ఇంటిల్లిపాదియు కలవరపడి, బంధువుల వద్ద అప్పుచేసి, మూడింతల ధరకు టిక్కెట్టు కొని, ఆ రాత్రియే ఆయనను విమానమెక్కించినారు. విమానము ఆకాశములో నుండగనే అమెరికా ప్రభుత్వమువారు ఒక వివరణ ఇచ్చినారు. ఆ రుసుము క్రొత్తగా పెట్టుకొను దరఖాస్తులకే గాని, ఇదివరకే వీసా గలవారికి వర్తించదని అందులో ఉన్నది. చెల్లెలి నిఖా అన్నగారు లేకయే జరిగిపోయినది.

ఆ కుటుంబము తప్పు చేసినదని మేము అనబోవుట లేదు. ఆ ఉత్తరువు మూలప్రతిలోని వాక్యములే మొదట స్పష్టముగా లేకుండెను. పెద్ద పెద్ద కంపెనీలు సైతము తమ ఉద్యోగులను వెంటనే తిరిగి రమ్మని కోరినవి. అయినను ఈ సంగతి మమ్ములను ఆలోచింపజేసినది. పదివేల మైళ్ళ దూరమున జరుగు రాజకీయము మన వాకిట పందిరిలోనికి వచ్చి కూర్చున్నప్పుడు, దానిని అర్థము చేసికొను సాధనములు మన విద్యార్థుల వద్ద ఉన్నవా? ఉర్దూ పత్రిక చదివినవానికి ఒక అమెరికా, తెలుగు పత్రిక చదివినవానికి మరియొక అమెరికా, ఫోను చూచినవానికి ఇంకొక అమెరికా కనిపించుచున్నప్పుడు దేనిని నమ్మవలెను? ఈ ప్రశ్నకు మాకు తోచిన సమాధానమును చదువరుల ముందుంచుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మా పద్ధతి సులభమైనది. అమెరికాను గూర్చి ఏ మాట వినవచ్చినను మూడు ప్రశ్నలు వేయవలెను. ఇది ఎప్పటినుండి ఇట్లున్నది? దీనికి ఆధారమైన పత్రము ఏది? ఈ మాట వలన నష్టపోవు పక్షమువాడు దీనిని ఒప్పుకొనుచున్నాడా? మొదటిది చరిత్రకు, తక్కిన రెండు సాక్ష్యమునకు సంబంధించినవి. మా విద్యార్థులు తరచుగా అడుగు నాలుగు సందేహములను తీసికొని, ఈ మూడు ప్రశ్నలు ఎట్లు పనిచేయునో చూతము.

మొదటి సందేహము: తక్కువ ఓట్లు వచ్చినవాడు అధ్యక్షుడెట్లగును?

2016లో హిల్లరీ క్లింటనుకు డొనాల్డ్ ట్రంప్ కంటె దాదాపు 29 లక్షల ఓట్లు ఎక్కువ వచ్చినవి. అయినను ట్రంప్ అధ్యక్షుడైనాడు. ఇది మోసమని మన విద్యార్థులలో పలువురు తలచుచున్నారు. అది మోసము కాదు. రాజ్యాంగములోనే ఉన్న ఏర్పాటు. 1787లో ఫిలడెల్ఫియా నగరమున రాజ్యాంగమును వ్రాసినవారు అధ్యక్షుని ప్రజలు నేరుగా ఎన్నుకొను పద్ధతిని పెట్టలేదు. ప్రతి రాష్ట్రమునకు కొందరు ఎలెక్టర్లుందురు. ప్రతినిధుల సభలో ఆ రాష్ట్రమునకు ఎందరు సభ్యులో అందరు, వారికి తోడు ఇద్దరు సెనేటర్లకు గాను ఇద్దరు. నేడు వీరి సంఖ్య మొత్తము 538. అందులో 435 ప్రతినిధుల సభ లెక్కన, 100 సెనేటు లెక్కన, 3 రాజధాని వాషింగ్టనుకు 1961 నాటి 23వ సవరణ ప్రకారము ఏర్పడినవి. 270 మంది ఎవరి పక్షమున నున్న అతడే అధ్యక్షుడు. దాదాపు అన్ని రాష్ట్రములలోను ఎక్కువ ఓట్లు వచ్చినవానికే ఆ రాష్ట్రపు ఎలెక్టర్లందరును చెందుదురు. ఒక రాష్ట్రమున ఒక్క ఓటుతో గెలిచినను, పది లక్షలతో గెలిచినను ఫలితమొక్కటే.

చిన్న రాష్ట్రమునకు కూడ ఇద్దరు సెనేటర్లుండుట వలన మరియొక వ్యత్యాసము కలుగుచున్నది. 2020 జనాభా లెక్కల ప్రకారము కాలిఫోర్నియాలో సుమారు 3 కోట్ల 95 లక్షల జనమున్నారు. వారికి 54 మంది ఎలెక్టర్లు. వయోమింగులో 5 లక్షల 77 వేల జనము, వారికి ముగ్గురు. భాగహారము చేసి చూచిన, కాలిఫోర్నియాలో దాదాపు 7 లక్షల 30 వేల మందికి ఒక ఎలెక్టరు, వయోమింగులో 1 లక్షా 92 వేల మందికి ఒకడు.

ఈ ఏర్పాటు ఎందుకు పుట్టినది? చిన్న రాష్ట్రముల భయము ఒక కారణము. రెండవ కారణము అంత గౌరవప్రదమైనది కాదు. దక్షిణ రాష్ట్రములలో బానిసలు అధికముగా ఉండిరి. వారికి ఓటు లేదు. కాని ప్రతినిధుల సంఖ్యను లెక్కించునప్పుడు ఐదుగురు బానిసలను ముగ్గురుగా లెక్కించవలెనని రాజ్యాంగములో వ్రాసికొనిరి. నేరుగా ఎన్నిక జరిగిన ఈ లెక్క వలన దక్షిణాదికి లాభము లేదు. ఎలెక్టర్ల ద్వారా జరిగిన లాభము కలదు. ఓటు లేని మనిషి పేరిట అతని యజమానికి బలము పెరిగినది. బానిసత్వము పోయినది గాని ఎలెక్టర్ల పద్ధతి మిగిలినది. 1824, 1876, 1888, 2000, 2016 సంవత్సరములలో, అనగా ఐదు పర్యాయములు, ప్రజల ఓట్లలో వెనుకబడినవాడు అధ్యక్షుడైనాడు. కావున 2016 ఫలితము వింత కాదు. ఇది న్యాయమా కాదా అను చర్చ వేరు. నియమము ఇదియే యనుట వేరు. ఈ రెండింటిని కలుపుట వలననే గందరగోళము పుట్టుచున్నది.

రెండవ సందేహము: లింకన్ పార్టీ ఏది? నేటి పార్టీ ఏది?

“బానిసలకు విముక్తి నిచ్చినది రిపబ్లికన్ పార్టీ గదా; నేడు నల్లజాతివారిలో అత్యధికులు డెమొక్రాట్లకు ఓటు వేయుటేమి?” అని ఒక విద్యార్థి తరగతిలో అడిగినాడు. మంచి ప్రశ్న. పేరు మారకున్నను లోపలి సరుకు మారుననుటకు ఇంతకంటె ఉదాహరణము దొరకదు.

రిపబ్లికన్ పార్టీ 1854లో బానిసత్వ విస్తరణను అడ్డుకొనుటకే పుట్టినది. 1860లో లింకన్ గెలిచినాడు. 1861 నుండి 1865 వరకు అంతర్యుద్ధము జరిగినది. ఆ తరువాత 13వ సవరణ 1865లో బానిసత్వమును రద్దుచేసినది; 14వ సవరణ 1868లో పౌరసత్వమును, చట్టము ముందు సమానతను ఇచ్చినది; 15వ సవరణ 1870లో జాతిని బట్టి ఓటు నిరాకరింపరాదన్నది. నాడు దక్షిణాదిలో తెల్లవారి ఆధిపత్యమునకు కోటగా నున్నది డెమొక్రటిక్ పార్టీ.

మార్పు ఒక్కదినమున రాలేదు. 1930 దశకములో ఆర్థిక సంక్షోభము వచ్చినప్పుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు చేపట్టిన ఉపాధి పథకముల వలన ఉత్తరాది నల్లజాతి ఓటర్లు డెమొక్రాట్ల వైపు తిరిగినారు. 1948లో అధ్యక్షుడు ట్రూమన్ సైన్యములో జాతి వివక్షను తొలగింప ఉత్తరువిచ్చినాడు. అదే సంవత్సరము పౌరహక్కుల వివాదమున దక్షిణాది డెమొక్రాట్లు కొందరు పార్టీ నుండి చీలి వేరుగా పోటీచేసిరి. 1964లో పౌరహక్కుల చట్టము వచ్చినది. సెనేటులో దానికి అనుకూలముగా 73, ప్రతికూలముగా 27 ఓట్లు. ఆ 27 మందిలో 21 మంది డెమొక్రాట్లే. ఆరుగురు మాత్రమే రిపబ్లికన్లు. ఈ అంకెలను మాత్రమే చూచినవాడు నేటికిని రిపబ్లికన్లే హక్కుల పక్షమనును. కాని ఆ చట్టముపై సంతకము చేసినవాడు డెమొక్రాటైన జాన్సన్. వ్యతిరేకముగా ఓటు వేసిన ఆరుగురిలో ఒకడైన గోల్డ్‌వాటర్ ఆ సంవత్సరమే రిపబ్లికన్ల అధ్యక్ష అభ్యర్థి. ఆయన గెలిచినది ఆరు రాష్ట్రములలోనే. ఒకటి ఆయన సొంత రాష్ట్రమైన అరిజోనా; తక్కిన ఐదును దక్షిణాదివే. నాటినుండి దక్షిణాది తెల్లవారు క్రమముగా రిపబ్లికన్లవైపు, నల్లజాతివారు మరింతగా డెమొక్రాట్లవైపు నడచినారు.

దీనినిబట్టి మనము గ్రహింపవలసిన దేమనగా, పార్టీని పేరునుబట్టి గాక తేదీనిబట్టి చూడవలెను. “రిపబ్లికన్లు ఇట్టివారు”, “డెమొక్రాట్లు అట్టివారు” అని వినవచ్చినప్పుడు, ఏ సంవత్సరపు మాట యని వెంటనే అడుగవలెను.

మూడవ సందేహము: ఓడినవాడు ఓటమిని ఒప్పుకొనకున్న ఏమగును?

ప్రజాస్వామ్యమునకు అసలు పరీక్ష గెలిచినవానికి గాక ఓడినవానికే జరుగును. 1801లో అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ తనను ఓడించిన జెఫర్సనుకు అధికారమును అప్పగించినాడు. ఒక పక్షము నుండి ప్రత్యర్థి పక్షమునకు అధికారము నెత్తురు చిందకుండ మారుట ఆ దేశమున అదియే ప్రథమము.

కాని శాంతముగా ముగిసిన ప్రతి వివాదమును న్యాయముగా ముగిసినది కాదు. 1876 ఎన్నికలో టిల్డెనుకు 184 ఎలెక్టర్లు, హేస్‌కు 165. ఇరువది మంది విషయము వివాదగ్రస్తమైనది. ఐదుగురు సెనేటర్లు, ఐదుగురు ప్రతినిధులు, ఐదుగురు న్యాయమూర్తులతో ఒక సంఘమును ఏర్పరచిరి. అది 8కి 7 ఓట్లతో ఆ ఇరువదిని హేస్‌కే ఇచ్చినది. 185కు 184తో హేస్ అధ్యక్షుడైనాడు. 1877లో దక్షిణాది ప్రభుత్వములకు అండగా నిలిచిన ఫెడరల్ సేనలు వెనుకకు మళ్ళినవి. రెండు పార్టీల పెద్దలును రాజీపడిరి. ఆ రాజీకి వెల చెల్లించినవారు నల్లజాతివారు. పన్నులు, అక్షరజ్ఞాన పరీక్షలు, హింస అను మూడింటితో వారి ఓటు దాదాపు తొంబది ఏండ్లు కాగితముమీదనే మిగిలినది. మిసిసిపీ రాష్ట్రమున 1965కు ముందు ఓటర్ల జాబితాకెక్కిన నల్లజాతి వయోజనులు నూటికి ఏడుగురు మాత్రమే. 1965లో ఓటుహక్కుల చట్టము వచ్చిన రెండేండ్లలో ఆ సంఖ్య నూటికి సుమారు అరువదికి పెరిగినది. మనుషులు వారే, ఊళ్ళు అవియే. చట్టమును అమలుచేయు సంకల్పము మాత్రమే క్రొత్తగా వచ్చినది.

2000లో ఫ్లారిడా రాష్ట్రమున 537 ఓట్ల తేడాపై దేశాధ్యక్ష పదవి నిలిచినది. డిసెంబరు 12న సుప్రీంకోర్టు మరల లెక్కింపును ఆపివేసినది. ప్రజల ఓట్లలో ఐదు లక్షలకు పైగా ముందున్న ఆల్ గోర్, తీర్పుతో తాను ఏకీభవింపనని చెప్పుచునే దానికి తలయొగ్గినాడు.

2020లో అట్లు జరుగలేదు. జో బైడెనుకు 306, ట్రంప్‌కు 232 ఎలెక్టర్లు. ప్రజల ఓట్లలో తేడా 70 లక్షలకు పైగా. ఎన్నిక దొంగిలింపబడినదని ట్రంప్ ప్రకటించినాడు. ఇక్కడ మన మూడవ ప్రశ్నను ప్రయోగింతము: ఈ మాట అబద్ధమని చెప్పుట వలన నష్టపోవు పక్షమువారు ఏమనిరి? జార్జియా రాష్ట్రమున ఎన్నికల వ్యవహారము చూచు కార్యదర్శి రిపబ్లికన్. ఆయన ఆధ్వర్యమున దాదాపు 50 లక్షల ఓటు పత్రములను చేతితో లెక్కించిరి. యంత్రముతో మరల లెక్కించిరి. తుదకు 11,779 ఓట్లతో బైడెనే గెలిచినాడు. ట్రంప్ నియమించిన అటార్నీ జనరల్ విలియం బార్, ఫలితమును మార్చగలంత మోసము కనబడలేదని డిసెంబరు 1న చెప్పినాడు. అరువదికి పైగా దావాలు వేయబడినవి. దాదాపు అన్నియు వీగిపోయినవి. వాటిని కొట్టివేసిన న్యాయమూర్తులలో ట్రంప్ నియమించినవారును ఉండిరి. తన పక్షమునకు వ్యతిరేకముగా చెప్పిన సాక్ష్యమునకు బరువెక్కువ. ఇది న్యాయస్థానములలోని వారికే గాక మన గ్రామముల పంచాయతీ పెద్దలకును తెలిసిన సంగతియే.

అయినను 2021 జనవరి 6న ఒక సమూహము పార్లమెంటు భవనముపై దాడిచేసినది. ఓట్ల లెక్కింపు ఆగినది. ఆ రాత్రి సభ్యులు తిరిగివచ్చి మరునాటి తెల్లవారుజామున లెక్క ముగించిరి. 2022లో ఎలెక్టర్ల లెక్కింపు చట్టమును సవరించి, ఉపాధ్యక్షునికి ఫలితమును మార్చు అధికారము లేదని స్పష్టపరచిరి. 2024లో ట్రంప్ 312కు 226తో గెలిచినాడు. ఈసారి ప్రజల ఓట్లలోను సుమారు 23 లక్షలు ముందున్నాడు. 2025 జనవరి 6న లెక్కింపు సభకు అధ్యక్షత వహించినవారు, ఆ ఎన్నికలో ఓడిన అభ్యర్థియైన ఉపాధ్యక్షురాలు కమలా హారిస్. తన ఓటమిని తానే చదివి వినిపించినారు. జనవరి 20న పదవి స్వీకరించిన ట్రంప్, నాలుగేండ్ల క్రిందటి దాడి కేసులలోని దాదాపు 1,500 మందికి ఆ దినముననే క్షమాభిక్ష ప్రసాదించినాడు. ఈ రెండు సంగతులును రెండు వారముల వ్యవధిలో జరిగినవే. ఒకదానిని చెప్పి రెండవదానిని దాచినవాడు అమెరికాను సగమే చూపినవాడగును.

తూకపురాయి ఇరుపక్షములకు ఒక్కటే కావలెను. 2016లో రష్యా వారు ఓట్ల లెక్కనే మార్చివేసిరని ట్రంప్ వ్యతిరేకులలో కొందరు నమ్మినారు. రెండు పార్టీల సభ్యులు గల సెనేటు సంఘము విచారణ జరిపినది. ప్రచారమున రష్యా జోక్యము నిజమే గాని, ఓట్లు మార్చబడినట్లు సాక్ష్యము లేదని తేల్చినది. మనకు నచ్చని నాయకునిపై వచ్చిన మాటయైనను సాక్ష్యము లేనిదే స్వీకరింపరాదు.

నాలుగవ సందేహము: అధ్యక్షుడు సంతకము చేసిన అయిపోయినట్లేనా?

సంతకమునకు బలము కలదు. కాని ఆ బలము రాజ్యాంగమునుండియో, కాంగ్రెసు చేసిన చట్టమునుండియో రావలెను. 1952లో కొరియా యుద్ధకాలమున ట్రూమన్ ఉక్కు కర్మాగారములను స్వాధీనము చేసికొనుటకు ఉత్తరువిచ్చినాడు. అట్టి అధికారము ఆయనకు లేదని సుప్రీంకోర్టు కొట్టివేసినది. అయితే కోర్టు ప్రతిసారియు అడ్డుపడునని తలచుటయు పొరపాటే. 1942 ఫిబ్రవరి 19న రూజ్వెల్టు చేసిన ఒక్క సంతకముతో దాదాపు 1,20,000 మంది జపాను సంతతివారు శిబిరములలో బంధింపబడిరి. వారిలో అధికులు అమెరికా పౌరులే. 1944లో సుప్రీంకోర్టు ఆ చర్యను సమర్థించినది. 1988లో గాని దేశము క్షమాపణ చెప్పుకొని, బ్రతికియున్నవారికి 20,000 డాలర్ల చొప్పున పరిహారమీయలేదు. ముస్లింలు అధికముగా గల కొన్ని దేశములవారి రాకను నిషేధించిన 2017 నాటి ట్రంప్ ఉత్తరువును సుప్రీంకోర్టు 2018లో 5కు 4 ఓట్లతో నిలబెట్టినది. ఆ తీర్పులోనే 1944 నాటి తీర్పు తప్పని కూడ వ్రాసినది. ఆ నిషేధమును 2021 జనవరి 20న బైడెన్ తన సంతకముతో తొలగించినాడు. సంతకముతో వచ్చినది సంతకముతో పోవును. చట్టముతో వచ్చినది పోవుటకు చట్టము కావలెను. రాజ్యాంగములో నున్నది పోవుటకు రాజ్యాంగ సవరణము కావలెను. విద్యార్థులు ఈ మూడు మెట్లను గుర్తుంచుకొన్న చాలును.

మనవారికి దగ్గరగా నున్న పౌరసత్వ వివాదమును ఈ మెట్ల వెలుగులో చూతము. అమెరికా గడ్డపై పుట్టిన బిడ్డ అమెరికా పౌరుడగునను నియమము 14వ సవరణలో నున్నది. నల్లజాతివారు పౌరులు కాజాలరని 1857లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పును తుడిచివేయుటకే ఆ సవరణము వచ్చినది. సాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా దంపతులకు జన్మించిన వాంగ్ కిం ఆర్క్‌ను 1895లో ఓడ దిగనీయలేదు. 1882 నాటి చట్టము చైనా కార్మికుల రాకను నిషేధించినది గదా యనిరి. 1898లో సుప్రీంకోర్టు 6కు 2తో అతడు పుట్టుకచేతనే పౌరుడని తీర్పునిచ్చినది.

ఇక భారతీయుల సంగతి. పంజాబునుండి వెళ్ళి, మొదటి ప్రపంచయుద్ధమున అమెరికా సైన్యములో పనిచేసిన భగత్ సింగ్ థింద్ పౌరసత్వము కోరినాడు. 1923లో సుప్రీంకోర్టు, అతడు తెల్లవాడు కానందున అర్హుడు కాడని ఏకగ్రీవముగా త్రోసిపుచ్చినది. అంతకుముందే పౌరసత్వము పొందిన పలువురు భారతీయులును దానిని కోల్పోయిరి. 1946లో వచ్చిన చట్టము భారతీయులకు పౌరసత్వపు తలుపు తెరచినది గాని ఏడాదికి వంద మందికే ప్రవేశమిచ్చినది. పౌరహక్కుల ఉద్యమపు వేడిలో 1965లో వచ్చిన వలస చట్టము జాతినిబట్టి కోటాలు పెట్టు పద్ధతిని తీసివేసినది. హెచ్-1బి వీసా 1990 చట్టముతో వచ్చినది. ఏటా 65,000, అమెరికాలో పై చదువు చదివినవారికి మరి 20,000 అను పరిమితులు ఉన్నవి. నేడు డల్లాసులోను, న్యూజెర్సీలోను తెలుగు వినబడుచున్నదన్న, ఉర్దూ ముషాయిరాలు జరుగుచున్నవన్న, దానికి మూలము 1965 నాటి చట్టము. ఆ చట్టమునకు వెనుక బలము నల్లజాతివారి పోరాటము. ఈ ఋణమును మనవారు తరచుగా మరచుచున్నారు.

2025 జనవరి 20న ట్రంప్ ఒక ఉత్తరువు చేసినాడు. తల్లి అక్రమముగాగాని, తాత్కాలిక వీసాపైగాని యుండి, తండ్రి పౌరుడుగాని శాశ్వత నివాసిగాని కానిచో, అక్కడ పుట్టిన బిడ్డకు పౌరసత్వము లేదని దాని సారాంశము. హెచ్-1బి తాత్కాలిక వీసాయే గనుక మన కుటుంబములలో ఆందోళన కలిగినది. మూడు దినములలో ఒక ఫెడరల్ న్యాయమూర్తి దానిని నిలిపివేసినాడు; ఆయనను నియమించినవాడు రిపబ్లికన్ అధ్యక్షుడైన రీగన్. జూన్ 27న సుప్రీంకోర్టు, ఒక్క న్యాయమూర్తి దేశమంతటికి వర్తించునట్లు ఉత్తరువులను ఆపు పద్ధతిపై హద్దులు పెట్టినది గాని, పౌరసత్వపు ప్రశ్నను తేల్చలేదు. ఆనాడు ఫోనులలో “పౌరసత్వము రద్దయినది” అను వార్త తిరిగినది. తీర్పు ప్రతిని చూచినవారికి అది తప్పని తెలిసియుండును. జూలైలో మరియొక న్యాయమూర్తి వేరొక మార్గమున ఆ ఉత్తరువును అడ్డుకొనగా, డిసెంబరులో సుప్రీంకోర్టు అసలు ప్రశ్నను విచారణకు స్వీకరించినది. ఆ కోర్టు తన తీర్పులను అదే దినమున ఉచితముగా ప్రకటించును. మన విద్యార్థులు వార్తను గాక తీర్పునే చదువ నేర్వవలెను. ఆంగ్లము కష్టమైనచో అధ్యాపకులు తోడు కూర్చుందురు.

మనకేల ఈ విచారము?

ఈ ప్రశ్న మా కమిటీ పెద్దలలో కొందరైనను వేయగలరు. పూర్వము మన దేశపు పెద్దలకు ఈ విచారము లేకపోలేదు. జ్యోతిరావు ఫూలే 1873లో ప్రచురించిన ‘గులాంగిరి’ని, బానిసల విముక్తికై పాటుపడిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చినాడు. అంబేద్కర్ 1913 నుండి 1916 వరకు న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమున చదివినాడు. మన హైదరాబాదులో పుట్టిన అరుణా మిల్లర్ 2023లో మేరీలాండ్ రాష్ట్రమునకు లెఫ్టినెంటు గవర్నరైనారు. అదే హైదరాబాదులో పుట్టి, నాలుగేండ్ల వయసున అమెరికా చేరి, ఆంగ్ల సాహిత్యమును బోధించిన గజాలా హాష్మీ 2025 నవంబరులో వర్జీనియా లెఫ్టినెంటు గవర్నరుగా ఎన్నికైనారు. ఆ దేశమున రాష్ట్రవ్యాప్త పదవికి ఎన్నికైన ప్రథమ ముస్లిం మహిళ ఆమెయే. ఇవి సంతోషింపదగిన సంగతులు. కాని ఇద్దరి విజయమును చూపి అక్కడ వివక్షయే లేదనుట యెంత తప్పో, ఒక ఉత్తరువును చూపి అక్కడ న్యాయమే లేదనుటయు అంతే తప్పు. రెండును సాక్ష్యములే, రెండింటిని బల్లమీద పెట్టి చూడవలెను.

మరియొక మాట. పరదేశపు సంగతిలో నేర్చిన అలవాటు స్వదేశమున పనికివచ్చును. తేదీ అడుగుట, పత్రము అడుగుట, ఎదుటి పక్షపు సాక్ష్యము వినుట అలవడిన విద్యార్థి మన ఊరి ఎన్నికలోను, మన వీధిలో పుట్టిన వదంతి విషయమునను అట్లే అడుగును. వదంతి వలన కలుగు నష్టము మనవంటి అల్పసంఖ్యాక వర్గములకు మిక్కిలిగా తెలిసినదే గనుక, ఈ అలవాటు మనకు విలాసము కాదు, అవసరము.

పైన చెప్పిన విద్యార్థి ఈ మధ్య పఠనాలయములో మాకు కనబడినాడు. ఆ సెప్టెంబరు ఉత్తరువు ప్రతిని ఎదుట పెట్టుకొని, నిఘంటువు సాయముతో ఒక్కొక్క పంక్తి చదువుచున్నాడు. ఏమి తెలిసినదని అడిగితిమి. “మొదటి భాగము చదివిన అన్నగారు భయపడుట సహజమే సార్. కాని మరునాటి వివరణ కొరకు ఒక్క రాత్రి ఆగియుండిన నిఖాలో ఉండెడివారు,” అని అన్నాడు. ఆ ప్రతిని ఇంటికి తీసికొనిపోయి నాన్నగారికి ఉర్దూలో చదివి వినిపించుటకు మా అనుమతి కోరినాడు. సంతోషముతో ఇచ్చితిమి.